ప్రొద్దుటూరుకు రైలొచ్చిన కథ



మన కమలాపురం మీదుగా పోయే మద్రాసు–బొంబాయి లైను 1871 నాటికే పూర్తయింది. బంగారానికీ బట్టలకూ పేరుపడ్డ ప్రొద్దుటూరు మాత్రం పక్కకు పడింది. అక్కడివాళ్లు మూటాముల్లె సర్దుకొని ఎర్రగుంట్లకొచ్చి రైలెక్కేవాళ్లు. 1996–97లో మంజూరైన 123 కిలోమీటర్ల నంద్యాల–ఎర్రగుంట్ల లైను 2016 ఆగస్టులో గానీ పూర్తిగా ప్రారంభం కాలేదు. ఇరవై ఏండ్లు! ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు స్టేషన్లు అట్లా వచ్చినాయి.

ఇంజనీరుగా ఒక్కమాట. పట్టాలు వేస్తే పని అయిపోదు. స్టేషను బతికేది టికెట్లతో. కొత్త బండి కావాలని అడిగితే, ఉన్న బండ్లు ఎంతమంది ఎక్కుతున్నారని లెక్క అడుగుతారు. బస్సు ఊరిమధ్యకే వస్తుంది, నిజమే. అయినా ఆ పక్కనున్న మనవాళ్లంతా వీలైనప్పుడల్లా టికెట్ కొని రైలెక్కండి. అర్జీల కన్నా ఆ టికెట్లే గట్టిగా మాట్లాడతాయి.