అస్తరాబాద్ రేవు - కాన్సల్ కాగితాలు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలో ఇరాన్ దేశపు రేవు గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరనుకోవచ్చు. కాని ఆ ఊరి పేరు మనకు కొత్తది కాదు. హైదరాబాదు పాతబస్తీలో మీర్ మోమిన్ దాయిరా తెలియనివారెవరు? ముహమ్మద్ కులీ కుతుబ్ షాకు పేష్వాగా ఉండి, 1591లో వెలసిన హైదరాబాదు నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించిన మీర్ ముహమ్మద్ మోమిన్ అస్తరాబాదీ గారి సమాధి అక్కడే ఉంది. ఆయన పేరు చివరి మాట వెంట వెళితే తగిలే ఊరే అస్తరాబాద్. కాస్పియన్ సముద్రపు ఆగ్నేయ మూలన ఉన్న ఈ ఊరికి 1937లో గుర్గాన్ అని పేరు మారింది. నేడది గులిస్తాన్ రాష్ట్రానికి ముఖ్యపట్టణం.

మీర్ మోమిన్ గారి తరువాతి కాలంలో ఆ ఊరు ఏమైందని తెలుసుకోబోతే మాకొక విచిత్రం కనబడింది. సుమారు నూరేళ్ల క్రిందట అక్కడి జనం ఎట్లా బతికారో వివరంగా చెప్పే కాగితాలలో పెద్ద భాగం పరాయి ప్రభుత్వాల కోసం వ్రాసినవే. అనగా కాన్సల్‌లు, వారి ఏజెంట్లు పంపిన రిపోర్టులు.

కాన్సల్ అంటే ఎవరు? రాయబారి రాజధానిలో కూర్చుంటాడు. కాన్సల్ రేవుల్లో, జిల్లా పట్టణాల్లో ఉంటాడు. తన దేశపు వర్తకులకు ఇబ్బంది రాకుండా చూడటం పైకి కనబడే పని. రెండవ పని కలంతో చేసేది. ఏ ఓడ వచ్చింది, ఏ సరకు దిగింది, రొట్టె ధర ఎంత పెరిగింది, గవర్నరు మారాడా, దారులు క్షేమంగా ఉన్నాయా, ఊళ్లో ఏ రోగం తిరుగుతోంది - ఇవన్నీ వ్రాసి పైకి పంపాలి.

ఇంత చిన్న రాష్ట్రం మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే కారణం సముద్రం. 1813 గులిస్తాన్ ఒడంబడిక, 1828 తుర్క్‌మన్‌చాయ్ ఒడంబడిక, ఈ రెండింటి వల్ల కాస్పియన్‌లో యుద్ధ నౌకలు నడిపే హక్కు ఒక్క రష్యాకే దక్కింది. తన ఇంటి ముందరి నీటిలో ఇరాన్ తన యుద్ధనౌకను తేలనీయలేకపోయింది! అస్తరాబాద్ అఖాతం నోటి దగ్గర అషూరాదె అనే చిన్న దీవి ఉంది. 19వ శతాబ్దం నడిమికి రష్యా అక్కడ నౌకాస్థావరం పెట్టుకుంది. తుర్క్‌మెన్ల దోపిడీలను ఆపటానికని చెప్పింది. ఆ దోపిడీలు నిజమే. పల్లెల మీద పడి మనుషులను పట్టుకుపోయి ఖీవా, బుఖారా బజార్లలో బానిసలుగా అమ్మేవారు. కాని కాపలాకని వచ్చినవాడు కదలకుండా కూర్చున్న మాట కూడా నిజమే కదా.

ఊరికి పడమరగా ఉన్న బందర్ గజ్ రేవులో నీరు లోతు తక్కువ. ఓడలు దూరాన ఆగితే చిన్న పడవల మీద సరకు ఒడ్డుకు చేర్చాలి. రష్యా నుండి చక్కెర, కిరసనాయిలు, గుడ్డలు వచ్చేవి. ఇక్కడి నుండి ప్రత్తి, ఉన్ని, తోళ్లు వెళ్లేవి. బ్రిటిషు వారికి ఆ సముద్రంలో ఓడ లేదు. పైగా 1907లో ఇంగ్లండు, రష్యా కలిసి ఇరాన్‌ను పలుకుబడి ప్రాంతాలుగా గీతలు గీసుకున్నప్పుడు అస్తరాబాద్ రష్యా వాటాలో పడింది. ఇరాన్‌ను ఎవరూ అడగలేదు. ఓడ లేనివారికి కన్నులైనా కావాలి. ఆ కన్నులు స్థానికుడివే. హుస్సేన్ కులీ మక్సూద్‌లూ అనే ఆయన, బిరుదు వకీలుద్దౌలా, బ్రిటిషు ఏజెంటుగా ఉండి ఫార్సీలో ఏళ్ల తరబడి రిపోర్టులు వ్రాశాడు.

ఇటువంటి వ్రాతకు ఎంత విలువ ఉంటుందో 1911లో జరిగిన సంగతి చెబుతుంది. 1909లో రాజ్యాంగ పక్షంవారు గద్దె దించిన ముహమ్మద్ అలీ షా రష్యాలోని ఒడెస్సాలో ప్రవాసం ఉన్నాడు. 1911 జూలైలో మారుపేరుతో, పెట్టుడు గడ్డంతో రష్యా ఓడ ఎక్కి ఈ అస్తరాబాద్ తీరంలోనే, గుమిష్ తెపె దగ్గర దిగాడు. వెంట తెచ్చిన పెట్టెల మీద మినరల్ వాటర్ అని వ్రాసి ఉంది. లోపల ఉన్నవి ఆయుధాలు! ఆ దండయాత్ర కొన్ని నెలల్లో విఫలమైంది. కాని చూడండి, రేవులో ఎవరు దిగారు, ఏ పెట్టెలు దింపారు అనే ఒక్క వాక్యం మీద ఒక పార్లమెంటు బతుకు ఆధారపడే రోజులవి.

మరి ఆ ఏజెంటును మనం ఏమనాలి? పరాయివారికి సమాచారమిచ్చిన మనిషనా, ఊరి చరిత్ర కాపాడిన మనిషనా? ఈ ప్రశ్న మీద మాలో మాకే వాదం జరిగింది. మాకు తోచినదేమంటే, రెండూ నిజమే. ఆయన వ్రాసింది ఊరి కోసం కాదు, పై అధికారుల అవసరం కోసం. అందుకే ఓడలూ గవర్నర్లూ దోపిడీలూ వారికి ముఖ్యం. ఇంట్లో పొయ్యి ముందర కూర్చున్న తల్లి మాట అటువంటి రిపోర్టులో వెతికితే దొరకటం కష్టం. తుర్క్‌మెన్ల గుడారాల్లో వారు తమ కష్టం ఎట్లా చెప్పుకున్నారో కూడా వేరే చోట వెతకాలి. అయినా 1980లలో ఇరాన్ పండితులు ఇరజ్ అఫ్షార్ గారు మొదలైనవారు ఆ రిపోర్టులను 'ముఖాబరాతె అస్తరాబాద్' అనే పేరుతో టెహ్రాన్‌లో రెండు సంపుటాలుగా అచ్చువేయించారు. పరాయివారి కోసం వ్రాసిన కాగితం ఆ విధంగా సొంతవారి చేతికి తిరిగి వచ్చింది. రష్త్‌లో బ్రిటిషు వైస్ కాన్సల్‌గా ఉన్న రబీనో గారు మాజందరాన్, అస్తరాబాద్‌ల ఊళ్ల పేర్లు, శాసనాలు సేకరించి 1928లో వెలువరించిన గ్రంథం కూడా నేటికీ పనికివస్తూనే ఉంది.

సముద్రం కూడా తిరిగివచ్చింది. 1921 ఒడంబడికలో సోవియట్ ప్రభుత్వం అషూరాదెను ఇరాన్‌కు వదులుకుంది. కాస్పియన్‌లో ఓడలు నడిపే సమాన హక్కును ఒప్పుకుంది.

ఇక మా మనవి ఒక్కటే. మన పెద్దలు ఏ ఊరి నుండి ఎప్పుడు వచ్చారు, ఏ వీధిలో ఏ పని చేసుకున్నారు, ఏ యేట వరద వచ్చింది, ఎవరు ఎవరిని ఆదుకున్నారు - ఇవి మన ఇళ్లలో ఎందరు వ్రాసిపెట్టారు? మనం వ్రాయకపోతే మన గురించి మిగిలేది ఆఫీసు ఫైలు ఒక్కటే. దానిలో మన ఇంటి నంబరు ఉంటుంది గాని మన నానీమా పేరు ఉండదు. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లి పెద్దవారి పక్కన కూర్చుని ఒక్క పేజీ వ్రాయండి. క్రింద తారీఖు వేయటం మరువకండి.