యాత్రికుల రాక – మన పూచీ
(లిలువాలో తెలుగు ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



కాశి, గయ, గంగాసాగరము అను మూడు పేర్లలో ఏదేని యొకటి చెవిని పడినచో, కలకత్తా ప్రాంతమందలి తెలుగువారి యింటికి చుట్టములు రానున్నారని గ్రహింపవచ్చును. “మీరచట నున్నారు గదా, ఆ ధైర్యముతోనే బయలుదేరుచున్నాము” అని వారందురు. ఆ ధైర్యమునకు మనము తగినవారమగుట యెట్లు? యాత్రామాహాత్మ్యమును పెద్దలు చెప్పియే యున్నారు. యాత్రికులు విమానము దిగినది మొదలు మన గుమ్మము త్రొక్కువరకు గడచు రెండు మూడు గంటలను గూర్చి మాత్రమే నేను మనవి చేయుదును.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి, కలకత్తాను గూడ చూచి, 1831లో తిరిగి యిల్లు చేరిరి. పదునైదు నెలలకు పైగా పట్టినది. మజిలీ మజిలీకి నీరు మారినది, భాష మారినది. ఆ మార్పునకు దేహమును మనస్సును అలవడుటకు వ్యవధి దొరకినది. నేడు హైదరాబాదులో కాఫీ త్రాగి బయలుదేరిన అవ్వ విమానమెక్కిన సుమారు రెండు గంటలకు దమ్‌దమ్‌లో దిగుచున్నది. కాలము కలిసివచ్చినది గాని, అలవాటు పడుటకు అవకాశము లేకపోయినది. దారి చేయవలసిన పనిని ఇప్పుడు ఎదురువచ్చినవారు చేయవలయును.

దమ్‌దమ్ విమానాశ్రయము 2013లో క్రొత్త భవనములోనికి మారినది. అది మిక్కిలి విశాలమైనది. ఆ వైశాల్యమే మోకాళ్ల నొప్పులవారికి శత్రువు. కావున చక్రముల కుర్చీని టికెట్టు కొనునపుడే కోరవలయును. అయితే కుర్చీ కోరినవారిని సాధారణముగా అందరి తరువాత దింపుదురు. ఈలోగా తండ్రి సామానులకై పోవును. పిల్లలు తిరుగుచున్న పట్టీని చూచుటకు పరుగెత్తుదురు. ఒక కుటుంబము మూడు ముక్కలగును.

నేనెరిగిన యొక వృద్ధురాలిని ఇట్లే కుర్చీలో తెచ్చి, ఒక స్తంభము చెంత నిలిపి, హిందీలో ఏదో చెప్పి వెడలిపోయిరి. ఆమెకు తెలుగు తప్ప అన్యభాష రాదు. ముప్పావు గంటకు కుమారుడు వెదకి పట్టుకొనునప్పటికి ఆమె కొంగు నోటికడ్డము పెట్టుకొని కూర్చుండియున్నది. దొడ్డికి పోవలసివచ్చునను భయముచే ఉదయము నుండి గ్రుక్కెడు నీరైన త్రాగలేదని పిమ్మట తెలిసినది. “నన్నెందుకు తెచ్చితివిరా, నాయనా” అని మాత్రమే ఆమె యన్నది. జీవితమంతయు కోరుకొన్న యాత్రకు అది తొలిమాట!

మనము కచేరీ ఉద్యోగులము. చార్జి అప్పగించునపుడు ఇచ్చువాని సంతకము, పుచ్చుకొనువాని సంతకము లేనిదే బీరువా తాళపుచెవి చేయి మారదు. తల్లిని అప్పగించుటకు ఆపాటి జాగ్రత్త అక్కరలేదా? బయలుదేరకముందే ఎవరి పూచీ ఎవరిదో నిర్ణయింపుడు. పెద్దవారి వెంట ఒకరు కడదాక విడువక ఉండవలయును. సామానులకు మరియొకరు పోవలయును. తోడు ఒక్కరే యైనచో సామానులు ఆగును, మనుష్యులు ఆగరాదు. దిగగానే మొదట మరుగుదొడ్డి, తరువాత మంచినీరు, ఆపైననే పెట్టెలు. బుద్ధి తెలిసిన పిల్లవానికి “నాయనమ్మ చేయి నీవు విడువరాదు” అని చెప్పుడు. పని యప్పగించిన పిల్లవాడు పరుగెత్తడు. ప్రతి పెద్దవారి యొద్దను, ప్రతి పిల్లవాని జేబులోను మన చిరునామాయు టెలిఫోను సంఖ్యయు తెలుగు, బంగాళీ, ఇంగ్లీషు లిపులలో వ్రాసిన చీటి యుండవలయును. ఎదురువచ్చువారిని లోనికి రానీయరు గనుక, బయట ఏ ద్వారము కడ నిలుచుందుమో ముందే చెప్పవలయును.

ఇక దారి. దమ్‌దమ్ నుండి లిలువాకు హౌరా వంతెన రద్దీలో పడనక్కరలేదు. బెల్‌ఘరియా రహదారిని పట్టి, 2007లో తెరచిన నివేదితా సేతువుపై గంగను దాటి, బాలీ మీదుగా రావచ్చును. 2025 ఆగస్టులో విమానాశ్రయమునకు మెట్రో రైలు వచ్చినది. కాని అది మనలను లిలువాకు చేర్చదు. మూటలతోను ముసలివారితోను బండ్లు మారుటకంటె టాక్సీయే మేలు. సేతువుపై తెర దించి గంగను చూపుడు; చాలును. దక్షిణేశ్వరము దారిలోనే యున్నది గదా యని అప్పుడే దింపకుడు. బేలూరు మఠము లిలువాకు ప్రక్కనే యున్నది. అవి రేపును ఉండును. అవ్వ ఓపిక నేడే యున్నది.

కడపట నొక సూచన. పగటివేళ తీరికగలవారు, బంగాళీ బాగుగా మాటాడగలవారు మనలో నెందరో యున్నారు. వారి పేర్ల పట్టిక యొకటి సంఘమువద్ద ఉంచినచో, డ్యూటీ వలన కదలలేని సభ్యుని బంధువులకు మరియొక సభ్యుడు ఎదురుపోగలడు. ఇందులకు చందా అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. తెలియని యూర, తెలియని భాషల నడుమ “రండి, పెద్దమ్మగారూ” అను ఒక్క తెలుగుమాట వినబడిన వృద్ధురాలి ముఖమును చూచినవారికి నేను వేరుగ చెప్పనక్కరలేదు. పట్టికలో మొదటి పేరుగా నా పేరు వ్రాసికొనుడని కార్యదర్శిగారిని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.