గుండెపోటు తరువాత నడక

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల కొత్త చదువరుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మాట్లాడుకునేది గుండె గురించి. గుండెపోటు వచ్చి, ఆస్పత్రిలో బతికి బయటపడి, ఇంటికి వచ్చినవారి గురించి. వారు ఇంట్లో ఎట్లా ఉండాలి? మంచం మీదనే ఉండాలా? లేచి నడవాలా?

ముందుగా ఒక ఇంటి సంగతి విందాం.

మంచం మీది రైతు

ఎల్లారెడ్డి పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో ఒక రైతు ఉన్నాడనుకుందాం. వయసు 54 ఏళ్లు. రెండెకరాల వరి. ఇంటామె బీడీలు చుడుతుంది. ఒక కొడుకు. ఒక బిడ్డ. బిడ్డను కామారెడ్డిలో ఇచ్చారు.

ఒకనాడు పొలం గట్టు మీద రైతుకు ఛాతీలో నొప్పి లేచింది. ఒళ్లంతా చెమట పట్టింది. ఎడమ చెయ్యి గుంజింది. కొడుకు 108కు ఫోను చేశాడు. ఆస్పత్రికి తీసుకుపోయారు. గుండెకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోయిందన్నారు. ఆ నాళంలో స్టెంటు వేశారు. కొన్ని రోజులకు ఇంటికి పంపారు. చేతికి ఒక కాగితం ఇచ్చారు.

ఇంటికి రాగానే వాకిట్లో మంచం వేశారు. చూడవచ్చిన వాళ్లంతా తలా ఒక మాట చెప్పారు.

"గుండె గాజుబుడ్డి లాంటిది. కదిలితే పగుల్తది."

"ఆర్నెల్లు కాలు కింద పెట్టనియ్యకుండ్రి."

ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుంది. నీళ్లు మంచం కాడికే. అన్నం మంచం కాడికే. లేవబోతే కొడుకు ఉరికి వచ్చేవాడు. "నాయినా, లేవకు! ఏమన్న అయితే ఎట్ల?" అనేవాడు.

నెల గడిచింది. రైతు కాళ్లు సన్నబడ్డాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. రాత్రి నిద్ర లేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. "నా పని అయిపోయింది. పొలం కౌలుకిచ్చుండ్రి," అన్నాడు. ఇంటామె పగలు కూలికి పోయింది. రాత్రి దీపం ముందు బీడీలు చుట్టింది. బర్రెను అమ్ముదామని కొడుకు బేరం పెట్టాడు.

ఆ ఇంటిని కుంగదీసింది గుండెపోటు ఒక్కటేనా? కాదు. భయం కూడా.

డాక్టరు అడిగిన ప్రశ్న

మందులు అయిపోయాయి. మళ్లీ చూపించుకోవడానికి కామారెడ్డి బస్సెక్కారు. బిడ్డ కూడా ఆస్పత్రికి వచ్చింది. డాక్టరు బి.పి. చూశాడు. ఎకో పరీక్ష చేయించాడు. తరువాత ఒక మాట అడిగాడు.

"రోజూ ఎంతసేపు నడుస్తున్నవు?"

రైతు ఏమీ అనలేదు. ఇంటామె అంది, "నడుసుడా సారూ? మేం కాలు కింద పెట్టనిస్తలేం."

డాక్టరు తలకాయ పట్టుకున్నాడు. "ఇంటికి పోయేనాడు ఇచ్చిన కాగితంల రాసే ఉన్నది కదమ్మా," అన్నాడు.

ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. దాన్ని బియ్యం డబ్బా కింద భద్రంగా దాచారు.

ఇంటామె ఈమధ్యనే అక్షరాలు నేర్చుకుంది. సంచిలోంచి నోటుబుక్కు తీసింది. "సారూ, జర నిదానంగ తెలుగుల చెప్పు. రాసుకుంట," అంది. ఆమె చేయి వణికింది. అయినా రాసింది.

"పొద్దున 5 నిమిషాలు. సాయంత్రం 5 నిమిషాలు. సాఫు నేల మీద. మాట్లాడుకుంట నడవాలె."

ఆ నాలుగు ముక్కలే ఆ ఇంటికి దారి చూపించాయి.

వెనకటి కాలంలో డాక్టర్లూ ఇట్లాగే అనుకున్నారు

పల్లెజనం భయపడ్డారంటే తప్పు పట్టనక్కర లేదు. వంద ఏళ్ల కింద పెద్ద పెద్ద డాక్టర్లు కూడా గుండెపోటు రోగిని ఆరు వారాల దాకా మంచం దిగనిచ్చేవారు కాదు. తానుగా అన్నం తిననిచ్చేవారు కాదు.

అమెరికాలో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ పద్ధతిని ప్రశ్నించారు. గుండెపోటు వచ్చినవారిని వాళ్లు తొందరగా కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చున్నవారికి నష్టం జరగలేదు. ధైర్యం వచ్చింది. ఈ సంగతిని 1952లో అచ్చువేశారు.

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. ఆయనను చూసిన డాక్టరు పాల్ వైట్ నడక మంచిదని చెప్పే మనిషి. ఐసెన్‌హోవర్ కోలుకున్నాడు. 1956లో మళ్లీ ఎన్నికల్లో గెలిచాడు. 1969 వరకు బతికాడు.

ఇంకొక ముచ్చట. ఇది బస్సుల ముచ్చట. లండన్ నగరంలో రెండంతస్తుల బస్సులు ఉంటాయి. అప్పట్లో డ్రైవరు రోజంతా కూర్చునేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజంతా మెట్లు ఎక్కి దిగేవాడు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు వేలమంది వివరాలు కూడబెట్టాడు. కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కే కండక్టర్లకు గుండెపోట్లు తక్కువ. ఈ పరిశీలన 1953లో వెలువడింది. ఒకే బస్సు. ఒకే దారి. తేడా కాళ్ల కదలికలో ఉంది.

మన దేశంలోనూ ఒక పెద్ద పరిశీలన జరిగింది. 24 ఆస్పత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులు అందులో ఉన్నారు. కొందరికి గుండెకు తగిన తేలికపాటి యోగా నేర్పారు. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. మరణాలు తగ్గాయని ఆ పరిశీలన గట్టిగా తేల్చలేదు. కానీ యోగా నేర్చినవారు తమ రోజువారీ పనుల్లోకి బాగా తిరిగి వెళ్లగలిగారు. ఆరోగ్యం మెరుగైందని చెప్పారు.

కదిలితే గుండెకు ఏం మేలు?

గుండె ఒక కండరం. పిడికిలంత ఉంటుంది. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని ఒళ్లంతా తిప్పుతుంది.

గుండెపోటులో ఆ కండరంలో కొంత భాగం దెబ్బతింటుంది. ఆ గాయం మానడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే మొదట్లో బరువు పనులు వద్దంటారు. బరువు పని వద్దంటే అసలు కదలవద్దని కాదు.

ఎప్పుడూ మంచం మీదనే ఉంటే కండలు కరుగుతాయి. కాళ్లలో రక్తం గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోతే ప్రాణానికే ముప్పు. మనసు కూడా కుంగుతుంది.

మెల్లగా నడిస్తే కాళ్ల కండలు గట్టిపడతాయి. గట్టిపడ్డ కండలు తక్కువ రక్తంతో ఎక్కువ పని చేస్తాయి. అప్పుడు గుండె మీద బరువు తగ్గుతుంది. బి.పి., షుగరు అదుపులోకి రావడానికి సాయపడుతుంది. నిద్ర పడుతుంది. క్రమంగా వ్యాయామం చేసే గుండె రోగులు మళ్లీ ఆస్పత్రిలో చేరడం తగ్గుతుందని ఎన్నో దేశాల పరిశీలనలు చెప్పాయి.

ఎట్లా మొదలుపెట్టాలి?

ముందు డాక్టరును అడగాలి. అందరి గుండె ఒక్క తీరుగా ఉండదు. డాక్టరు సరే అన్నాకే మొదలుపెట్టాలి.

1. మొదట 5 నిమిషాలు చాలు. రోజుకు రెండుసార్లు. ఇంటి ముందర, సాఫు నేల మీద నడవాలి.

2. బాగుంటే రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచాలి. కొన్ని వారాల్లో రోజుకు 30 నిమిషాల దాకా రావచ్చు.

3. మొదటి రెండు నిమిషాలు మెల్లగా, ఆఖరి రెండు నిమిషాలు మెల్లగా నడవాలి. ఉరికి ఉరికి ఒక్కసారే ఆగవద్దు.

4. నడుస్తూ మాట్లాడగలగాలి. మాటకు మాటకు ఆయాసం వస్తే వేగం ఎక్కువైందని గుర్తు. గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవారికి నాడి చూస్తే సరిగా తెలియదు. ఈ మాట పరీక్షే సులువు.

5. తిన్న వెంటనే నడవవద్దు. గంటకు పైగా ఆగాలి. ఎండాకాలం పొద్దెక్కకముందే, లేదా పొద్దు గుంకే వేళ నడవాలి. లారీలు తిరిగే రోడ్డు మీద వద్దు.

6. మొదట్లో ఒంటరిగా పోవద్దు. తోడు ఉండాలి.

7. నీళ్ల బిందెలు, వడ్ల బస్తాలు ఎత్తవద్దు. ఛాతీ కోసి బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవారు మరీ జాగ్రత్త. ఛాతీ ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

8. షుగరు మందు వాడేవారు జేబులో బెల్లం ముక్క ఉంచుకోవాలి. కళ్లు తిరిగి, చెమట పట్టి, షుగరు పడిపోయినట్టు అనిపిస్తే నోట్లో వేసుకోవాలి. కాళ్లకు చెప్పులు తప్పనిసరి.

నడుస్తున్నాం కదా అని మాత్రలు మానవద్దు. ముఖ్యంగా స్టెంటు వేయించుకున్నవారు డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా మానవద్దు. స్టెంటులో రక్తం గడ్డ కట్టవచ్చు. బీడీ, సిగరెట్టు, గుట్కా మానాలి. బీడీ తాగుతూ నడిస్తే ఒక చేత్తో కట్టి ఇంకో చేత్తో కూల్చినట్టే.

ఎప్పుడు ఆగాలి?

ఛాతీలో నొప్పి, బరువు, మంట. దవడకు, చేతికి పాకే నొప్పి. ఊపిరాడకపోవడం. కళ్లు తిరగడం. చల్లటి చెమట. వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆగి కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు ఇచ్చి ఉంటే కూర్చునే పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, ఎక్కువైనా 108కు ఫోను చేయాలి. షుగరు ఉన్నవారికి, ఆడవారికి ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే వస్తాయి. వాటినీ తేలిగ్గా తీసుకోవద్దు.

కాళ్ల వాపు, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం - ఇవి ఉంటే నడక ఆపి డాక్టరుకు చూపించాలి. జ్వరం ఉన్ననాడు నడక వద్దు.

నడిచేటప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకోవడం మామూలే. కూర్చుంటే కాసేపట్లో నెమ్మదిస్తుంది. దానికి భయపడనక్కర లేదు.

ఆడవారి గుండె కూడా గుండే

గుండె జబ్బు మగవారికే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆడవారికీ వస్తుంది. వారి విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. కొందరిని ఇంటికి రాగానే పొయ్యి కాడికి, బోరింగు కాడికి పంపుతారు. బోరింగు కొట్టడం, బిందె మోయడం బరువు పనులు. అవి అప్పుడే వద్దు. ఇంకొందరిని "ఇంట్ల తిరుగుతనే ఉన్నది కదా" అని నడకకు పంపరు. పని వేరు, తీరిగ్గా చేసే నడక వేరు. ఆమెకూ రోజులో అరగంట తన కోసం దొరకాలి. ఆ అరగంట అత్తమామలు, భర్త, కొడుకులు ఇవ్వాలి.

రైతు మళ్లీ పొలానికి

ఇప్పుడు ఆ రైతు ఇంటికి తిరిగి పోదాం.

మొదటినాడు వాకిలి నుంచి వేపచెట్టు దాకా నడిచాడు. ఇంటామె పక్కనే నడిచింది. మూడోనాడు గుండె దడదడలాడింది. రైతు భయపడ్డాడు. చెట్టు కింద గద్దె మీద కూర్చున్నాడు. నొప్పి లేదు. చెమట లేదు. కాసేపటికి నెమ్మదించింది. "ఇది నడక దడనే," అంది ఇంటామె. ఇద్దరూ నవ్వుకున్నారు. నెల తరువాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

ఇంటామె రోజూ నోటుబుక్కులో రాసింది. తేదీ, నిమిషాలు, ఎట్లా ఉంది. 5 పోయి 8 అయింది. 8 పోయి 12 అయింది. ఒకరోజు యూరియా బస్తా ఎత్తబోతే కొడుకు చెయ్యి పట్టి ఆపాడు. ఆరో వారానికి చెరువు కట్ట దాకా పోయాడు.

రైతు వెనకటి లెక్క బస్తాలు మోయడం లేదు. మందు కొట్టే పంపు వీపుకు ఎత్తుకోవడం లేదు. ఆ పనులు కొడుకు చేస్తాడు. ఒక ఎకరం కౌలుకిచ్చారు. ఇంకో ఎకరానికి రైతే పొద్దున్నే పోయి నీళ్లు చూసి వస్తాడు. బర్రె కొట్టంలోనే ఉంది.

ఇంటివారు చేయవలసింది

"లేవకు" అనడం ప్రేమే. కానీ "పా, కలిసి నడుద్దాం" అనడం అంతకన్నా పెద్ద ప్రేమ.

ఆస్పత్రిలో ఇచ్చిన కాగితాన్ని దాచిపెట్టడం చాలదు. ఏం రాశారో డాక్టరును, నర్సును తెలుగులో అడగాలి. అడగడానికి సిగ్గు పడవద్దు. చెప్పింది సొంత చేత్తో రాసుకోవాలి. నేర్చుకున్న అక్షరం ఇటువంటి వేళకే అక్కరకు వస్తుంది.

ఆలోచించండి - రాయండి

1. మీ వాడలో గుండె జబ్బు వచ్చినవారు ఉన్నారా? వారు రోజూ నడుస్తున్నారా?

2. నడుస్తున్నప్పుడు ఏ గుర్తులు కనిపిస్తే ఆగాలి? మూడు రాయండి.

3. నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి. తేదీ. ఎన్ని నిమిషాలు. ఎట్లా ఉంది. నడిచేవారికి ఆ పేజీ ఇవ్వండి.