పుట్టింటి గుర్తు పంటిలో

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



మన కొత్తగూడెంలో కొత్తవాళ్ళెవరైనా క్వార్టర్లోకి దిగితే, సామాను సర్దుకోకముందే పక్కింటావిడ అడిగే మొదటి మాట, "మీదే ఊరమ్మా? పుట్టిల్లెక్కడ?" అని. బొగ్గుగనుల ఊరు కదా, నలుమూలల నుంచీ వచ్చి చేరినవాళ్ళమే. చెప్పకపోయినా యాసను బట్టో, పప్పులో పులుపును బట్టో ఇట్టే పట్టేస్తాం. మరి చనిపోయి రెండువేల ఏళ్ళు దాటిన మనిషిని ఇదే మాట అడిగితే? జవాబు దొరికే వీలుంది. ఎలాగో మనవి చేస్తాను.

మన జిల్లాలోనే, పినపాక మండలం జానంపేటలో పాతకాలపు సమాధులున్నాయి. బండపలకలతో పెట్టెలా కట్టి, పైన పెద్ద బండ కప్పినవి. జనం రాకాసి గూళ్ళంటారు. అంతేసి బండలు మామూలు మనుషులు ఎత్తలేరని నమ్మకం! నిజానికి అవి ఇనుము వాడడం నేర్చిన కాలంలో మనవంటి మనుషులు కట్టుకున్నవే.

అలాంటి సమాధిలో ఒక్క పన్ను దొరికినా చాలు. పంటి మీది పింగాణీ పొర చిన్నతనంలోనే తయారవుతుంది. ఒకసారి తయారయ్యాక మళ్ళీ మారదు. నేలలోని రాతిలో స్ట్రాన్షియం అనే పదార్థం ఉంటుంది. అది నీళ్ళలోకి, పైరులోకి, తిండితో పాటు మన పంటిలోకి చేరుతుంది. ఇందులో 87, 86 అని బరువులో కాస్త తేడా ఉన్న రకాలున్నాయి. వీటినే ఐసోటోపులంటారు. ఈ రెండింటి పాలు రాతిని బట్టి మారుతుంది. గోదావరి పుట్టిన నాసిక్ వైపు నల్లరాతి నేల లెక్క ఒకటి, మన వైపు బొగ్గుండే ఇసుకరాతి నేల లెక్క మరొకటి. పంటిలోని లెక్క సమాధి ఉన్న నేలతో కలవలేదనుకోండి, ఆ మనిషి బాల్యం వేరే చోట గడిచిందన్నమాట. ముందు వచ్చే దవడపన్ను పసితనాన్ని చెబితే, జ్ఞానదంతం పది పన్నెండేళ్ళ నాటి సంగతి చెబుతుంది.

అయితే తొందరపడి తీర్పు చెప్పకూడదు. డెన్మార్కు దేశంలో 1921లో ఒక పడుచుపిల్ల సమాధి బయటపడింది. సుమారు మూడువేల నాలుగువందల ఏళ్ళ కిందటిది. ఆమె పన్ను, జుట్టు, గోరు పరీక్షించి, దూరదేశం నుంచి వచ్చిన పిల్ల అని 2015లో చెప్పారు. అక్కడి రైతులు పొలాల్లో చల్లే సున్నం వల్ల నేటి నీళ్ళ లెక్కే మారిపోయిందనీ, ఆమె ఆ ప్రాంతపు పిల్లే కావచ్చుననీ 2019లో మరికొందరు వాదించారు. మన వంటిల్లే చూడండి. బియ్యం ఒక చోటివి, ఉప్పు ఇంకో చోటిది. రేపు మన పళ్ళు చూసి ఊరు చెప్పమంటే ఎవరికైనా తికమకే!

ఇక రెండో సాక్షి డి.ఎన్.ఎ. ఇందులో ఒక భాగం తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ అందుతుంది గానీ, తర్వాతి తరానికి అందించేది కూతురే. మన ఇళ్ళలో వంశవృక్షాలు రాసుకుంటే తాత, ముత్తాత, ఆయన తండ్రి – అంతా మగవాళ్ళ పేర్లే. అత్తవారింటికి నడిచి వచ్చిన ముత్తవ్వ ఏ ఊరి పిల్లో ఎవరూ రాయలేదు. ఆ రాయని కథ మన ఒంట్లోనే ఉంది.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ గార్లు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి, 25 సమూహాలకు చెందిన 132 మంది డి.ఎన్.ఎ. పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మన దేశంలో దాదాపు అన్ని సమూహాల్లోనూ రెండు ప్రాచీన వంశధారలు వేర్వేరు పాళ్ళలో కలిసి ఉన్నాయని తేలింది. "మేమొక్కళ్ళమే కలుపు లేనివాళ్ళం" అనడానికి ఆధారం లేదన్నమాట.

కానీ మన ఎండలకు పాత ఎముకల్లో డి.ఎన్.ఎ. నిలవడం కష్టం. హర్యానాలోని రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు ప్రయత్నిస్తే, పనికివచ్చినది ఒక్కటే. 2019లో ప్రకటించారు. సుమారు 4,500 ఏళ్ళ నాటి ఆ మనిషి ఎవరనుకున్నారు? ఒక స్త్రీ!

అందుకే నా మనవి. నిధులుంటాయని రాకాసి గూళ్ళు తవ్వేవాళ్ళు కుండలు పగలగొట్టి, ఎముకలు అవతల పారేస్తారు. వాళ్ళు పారేసినదే అసలు నిధి. పునాదులు తీసేటప్పుడు గానీ, పొలం దున్నేటప్పుడు గానీ పాత కుండలు, ఎముకలు కనబడితే కడగకండి, కదపకండి. తహసీల్దారు ఆఫీసులో చెప్పించండి. పిల్లల్ని జానంపేట తీసుకువెళితే, అవి రాకాసులవి కావనీ, మన పెద్దలవంటి వాళ్ళవనీ చెప్పండి.

ఊడిన పాలపన్నును ఇంటి మీదికి విసిరేయించే తల్లులం మనం. ఆ చిన్న పంటిలో మనం పెట్టిన బువ్వ, తాగించిన నీళ్ళు, మనం బతికిన నేల రాసి ఉన్నాయంటే ఆశ్చర్యంగా లేదూ?