లోరెంజో కోసం ఒక నూనె

1992లో వచ్చిన ‘లోరెంజోస్ ఆయిల్’ సినిమా దర్శకుడు జార్జ్ మిల్లర్ వైద్యం చదివినవారు. కథ నిజంగా జరిగింది. అమెరికాలో ఓడోన్ దంపతుల కొడుకు లోరెంజోకు 1984లో ఏఎల్‌డీ అనే అరుదైన జబ్బు బయటపడింది. మెదడులో నరాల పైపొరను తినేసే జబ్బది. వైద్యులు కాని ఆ తల్లిదండ్రులు గ్రంథాలయాల్లో కూర్చుని, శాస్త్రవేత్తల వెంటపడి ఒక నూనె తయారు చేయించారు. దాన్ని శుద్ధి చేసి ఇచ్చిన బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త డాన్ సడబీ సినిమాలో తన పాత్ర తానే వేశారు! నన్ను కదిలించిన సంగతి అదే. తల్లిగా నటించిన సుసాన్ సరాండన్‌కు ఆస్కార్ నామినేషన్ దక్కింది. సినిమా ఆ నూనెను మరీ గొప్పగా చూపిందని వైద్యులు తప్పుబట్టారు. ఆ మాట న్యాయమే. ముదిరిన జబ్బును అది నయం చేయదు. లోరెంజో 2008లో, 30 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.