రాపిడి వేడికి లెక్క

 

రాపిడి వల్ల వేడి పుడుతుందన్న సంగతి పాఠ్యపుస్తకం తెరవకముందే ప్రతి బిడ్డకూ తెలుసు. చలికాలపు ఉదయాన అరచేతులు రుద్దుకొన్న అనుభవం చాలు. అరణిని మథించి అగ్నిని పుట్టించిన ఋత్విజుడికీ, బండి ఇరుసుకు కందెన పెట్టిన రైతుకూ, సానరాతిపై నీళ్లు చిలకరిస్తూ కత్తికి పదును పెట్టిన పనివాడికీ ఇది తెలిసినదే. మొదటివాడు ఆ వేడిని కోరుకొన్నాడు. తక్కిన ఇద్దరూ దానిని అణచదలచారు. అయితే ఎంత రాపిడికి ఎంత వేడి పుడుతుంది? పుట్టిన వేడి ఎటు పోతుంది? ఈ రెండు ప్రశ్నలు పుట్టిన తరువాతనే అనుభవం శాస్త్రమయింది.

మొదటి ప్రశ్నను గట్టిగా అడిగినవాడు బెంజమిన్ థామ్సన్. అమెరికాలో జన్మించి, బవేరియా ప్రభువు కొలువులో చేరి, కౌంట్ రంఫర్డ్ అన్న బిరుదు పొందినవాడు. మ్యూనిక్ నగరపు ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు లోహం విపరీతంగా వేడెక్కటం ఆయన గమనించాడు. వేడి ‘కెలోరిక్’ అనే ఒక సూక్ష్మ ద్రవమనీ, లోహం రజనుగా రాలినప్పుడు అది బయటపడుతుందనీ ఆనాటి పండితులలో అనేకుల నమ్మకం. అదే నిజమైతే రజను తక్కువ రాలినచోట వేడి కూడా తక్కువగా పుట్టాలి. రంఫర్డ్ బుద్ధిపూర్వకంగా మొద్దుబారిన పనిముట్టును ఎన్నుకొన్నాడు. లోహపు దిమ్మెను నీళ్లపెట్టెలో ఉంచి, గుర్రాల బలంతో నిమిషానికి సుమారు 32 చుట్లు తిప్పించాడు. రెండున్నర గంటలు గడిచేసరికి, నిప్పు అన్నదే లేకుండా, ఆ నీరు సలసల కాగింది. ఈ వృత్తాంతాన్ని ఆయన 1798లో లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. గుర్రాలు తిరిగినంతసేపూ వేడి తరగకుండా వస్తూనే ఉన్నది. తరగనిది లోహంలో దాచి ఉంచిన పదార్థం కాజాలదు. అది చలనమే కావాలన్నది ఆయన నిర్ణయం. వేడి మాత్రమే కావలసి ఉంటే ఆ గుర్రాల మేతను పొయ్యిలో వేసినా అంతకంటె ఎక్కువే వస్తుందని కూడా ఆయన దాచకుండా చెప్పాడు.

1840లలో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ ఆ వేడికి కొలత కట్టాడు. నేటి ప్రమాణాలలో చెప్పాలంటే, ఒక గ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కించటానికి సుమారు 4.186 జౌళ్ల పని కావాలి. పని వేడిగా మారే మారకపు రేటు అది.

ఆ రేటు నేటి కర్మాగారాలలో ఎంతగా ఉపకరిస్తున్నదో చూడదగినది. 1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సమీపాన గల వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేన్ థామస్, ఆయన సహచరులు ‘ఫ్రిక్షన్ స్టర్ వెల్డింగ్’ అనే పద్ధతిని కనుగొన్నారు. రాపిడితో లోహాన్ని కలియబెట్టి అతకటమని దీని భావం. రెండు అల్యూమినియం పలకలను అంచులు కలిపి కదలకుండా బిగిస్తారు. కింద చిన్న మొనా, దానిపై వెడల్పైన భుజమూ గల ఉక్కు పనిముట్టును వేగంగా తిప్పుతూ, అంచులు కలిసినచోట గట్టిగా అదిమి ముందుకు నడుపుతారు. లోహం కరగదు, పిండిముద్దవలె మెత్తబడి, రెండు వైపులదీ ఏకమవుతుంది. ఓడల పలకలు, రైలుపెట్టెల గోడలు, రాకెట్ల ఇంధనపు తొట్లు ఈ విధంగా అతుకుతున్నారు.

ఇక్కడ వేడి పాలు తప్పితే ప్రమాదం. తక్కువైతే లోహం సరిగా కలియక అతుకు లోపల సొరంగం వంటి ఖాళీ మిగులుతుంది. పైనుంచి చూస్తే కనబడదు. ఎక్కువైతే బలం కోసం సంస్కరించిన మిశ్రమలోహం అతుకు పక్కన మెత్తబడిపోతుంది. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఈ పని సాధారణంగా 400, 500 డిగ్రీల నడుమ సాగుతుంది. అసలు వేడి పుట్టేచోట ఉష్ణమాపకాన్ని ఉంచుదామంటే తిరిగే మొన దానిని నలిపివేస్తుంది. కాబట్టి పక్కన కొలిచి, లోపలిది గణితంతో ఊహించక తప్పదు.

ఆ గణితం జమాఖర్చుల పుస్తకం వంటిది. ముందు జమ. పనిముట్టును తిప్పే టార్క్‌ను కోణీయ వేగంతో గుణిస్తే క్షణక్షణానికీ జరిగే పని తెలుస్తుంది. టార్క్ 40 న్యూటన్ మీటర్లు, వేగం నిమిషానికి 600 చుట్లు అనుకొంటే దాదాపు 2500 వాట్లు వస్తుంది. అందులో బహుభాగం వేడిగా మారుతుంది. భుజం అంచున వేగమూ ఎక్కువ, వైశాల్యమూ ఎక్కువ. అందువల్ల ఒత్తిడీ చుట్ల సంఖ్యా ఘర్షణ గుణకమూ మారకుంటే, జారుడు రాపిడిలో పుట్టే వేడి వ్యాసార్థపు ఘనాన్ని అనుసరిస్తుంది. వ్యాసార్థం రెట్టింపయితే వేడి ఎనిమిది రెట్లు!

తరువాత ఖర్చు. వేడి పలకలోకి, కింది ఆధారంలోకి, పనిముట్టులోకి, కొద్దిగా గాలిలోకి పోతుంది. ఘనపదార్థంలో వేడి నడకకు ఫోరియర్ 1822లోనే సమీకరణం ఇచ్చాడు. కదిలిపోయే ఉష్ణమూలానికి దానిని అన్వయించే మార్గాన్ని రోసెంతాల్ 1940లలో చూపాడు. నేడు కంప్యూటరు పలకను వేలాది చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడికీ వేరువేరుగా జమాఖర్చులు వ్రాస్తుంది.

అయినా ఒక చిక్కు ఉన్నది. ఘర్షణ గుణకం స్థిరసంఖ్య కాదు. లోహం మెత్తబడే కొద్దీ పనిముట్టుకు అంటుకొని, లోలోపలే పొరలుగా జారుతుంది. వేడెక్కిన లోహపు నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గితే కొత్తగా పుట్టే వేడీ తగ్గుతుంది. కడుపు నిండినవాడు తనంతట తానే విస్తరి ముందునుంచి లేచినట్లు, వేడి తన హద్దును తానే ఏర్పరచుకొంటుంది. ఈ సంగతి విస్మరించిన లెక్క, వాస్తవంగా కరగని లోహాన్ని కాగితం మీద కరిగిస్తుంది.

అప్పుడు ఒక ప్రలోభం ఎదురవుతుంది. కొలిచిన ఉష్ణోగ్రతకు లెక్క సరిపోయేవరకు ఘర్షణ గుణకాన్ని సవరించుకుంటూ పోవచ్చు. జవాబు కుదురుతుంది, కాని అది నిరూపణ కాదు. అదే గుణకంతో మరొక వేగానికి, మరొక మందపు పలకకు ముందుగా జవాబు చెప్పి, తరువాత కొలిచి చూసినప్పుడే లెక్క యోగ్యత తేలుతుంది.

విద్యార్థులారా! పుస్తకం చివరనున్న జవాబు చూసి లెక్కను వెనుకనుంచి నడిపించే అలవాటు తరగతి గదిలో కొన్ని మార్కులు తేవచ్చు. రైలుపెట్టె అతుకు విషయంలో అదే అలవాటు ప్రాణాలతో చెలగాటం. రంఫర్డ్ మొద్దు పనిముట్టును ఎన్నుకొన్నది ఒక నమ్మకం తప్పయితే తప్పని తేలే అవకాశం ఇవ్వటానికే. ఘర్షణ, ఉష్ణం, విశిష్టోష్ణం, వ్యాసార్థం: ఈ లెక్కకు మూలమైన మాటలు మీ తెలుగు వాచకాలలో ఉన్నవే. రేపు ఏ భాషలో పై చదువులు చదివినా, ఏ రాష్ట్రపు కర్మాగారంలో పనిచేసినా, తెలుగులో నేర్చిన ఆ మాటలతోపాటు ఈ నియమాన్నీ వెంట తీసుకొని వెళ్లండి: తప్పని తేలే అవకాశం ఇచ్చి, నిలిచిన లెక్కనే నమ్మండి.

శుభం భూయాత్.