రాయి కొట్టిన చెయ్యి రాయాలె

(తాండూరులో కూలీలు, పరిశోధక విద్యార్థుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడ పిల్లగాడొకడు పీహెచ్‌డీ సగంల ఇడిసొచ్చి బండల పాలిషింగ్ పనికి పోతుండు. రాసిన అధ్యాయం గైడు తిప్పి పంపిండట. "మనకెందుకీ సదువు" అంటుండు. అతనికీ, రేపు పోబోయే పిల్లలకూ మేం నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం.

స్కాలర్‌షిప్పు గడువు తీరి 1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ లండన్ చదువు మధ్యలో ఆపి వచ్చారు. బొంబాయిలో పాఠాలు చెప్పి, 1920లో మళ్లా పోయారు. 1922లో రూపాయి సమస్యపై థీసిస్ ఇస్తే పరీక్షకులు తిరగరాయమన్నారు. తిరగరాశారు. 1923లో డి.ఎస్సి. పట్టా అందుకున్నారు. తిప్పి పంపుడంటే తీసిపారేసుడు కాదు.

మరి ఎట్ల రాయాలె? ముందుగాల ఒక్క ప్రశ్న పట్టుకోవాలె. "దళితుల సమస్యలు" ప్రశ్న కాదు, సముద్రం. "తాండూరు నాపరాయి గనుల్లో పదేండ్లల్ల కూలి ఎట్ల మారింది? లీజు ఎవరి పేరున ఉంది?" ఇదీ ప్రశ్న. జవాబు కాలినడకన పోయి తేవచ్చు. కాగితాలకు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. వికారాబాద్ జిల్లా 2016లో ఏర్పడ్డది. అంతకు ముందటి తాండూరు లెక్కలు రంగారెడ్డి జిల్లా పేరున, 1978కి ముందు కొన్నేండ్లవి హైదరాబాద్ జిల్లా పేరున వెతకాలె.

విన్నది అదే రాత్రి తేదీ, ఊరు వేసి నోటుబుక్కులో ఎక్కించాలె. కూలీ పేరు మాత్రం రాయొద్దు, నంబరు వేయాలె. పేరు బయటపడితే పోయేది ఆయన పని.

అధ్యాయాలు ఐదు చాలు: ప్రశ్న ఏంది, ఇదివరకు ఎవరేం రాసిన్రు, మనం ఎట్ల అడిగినం, ఏం దొరికింది, దాంతో ఏం తేలింది. ఒకరి మాట వాడుకుంటే వాళ్ల పేరు చెప్పాలె. మన నినాదానికి ఎదురొచ్చిన లెక్కనూ దాచొద్దు. దాస్తే ఆ ఒక్కటి చూపి మిగతా నిజమంతా కొట్టేస్తరు.

తమ్ముడా, నీ రిజిస్ట్రేషన్ తేదీ చూసుకో. 2022 యూజీసీ నిబంధనల్లో గడువు ఆరేండ్లు. ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేండ్ల దాకా అడగొచ్చు. తిప్పి పంపిన కాగితాలు మళ్లీ తియ్యి. గైడు అడిగిన ఒక్కో మాటకు పక్కనే జవాబు రాసుకో. యూనివర్సిటీకి ఒక్కనివే పోవద్దు, మేం ఎంట వస్తం.

ఇన్నేండ్లు మన బతుకు ఎవరో వచ్చి రాసుకపోయిన్రు. వాడ పెద్దమనుషులు నీకు సాక్ష్యం చెప్తరు. నువ్వు కూసోని రాయి.

జై భీమ్!